గెయిటీ కట్టిన వెంకయ్య

మద్రాసులో ఒకప్పుడు మూడు సినిమా హాళ్లు ఉండేవి. మౌంటు రోడ్డు పక్కన గెయిటీ, మింటు వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్. మూడింటినీ కట్టించింది ఒక్కరే. ఆయన దొర కాదు, జమీందారు కాదు, వడ్డీ వ్యాపారి కాదు. పదిహేడేళ్ల వయసులో బందరు వదిలి వచ్చిన ఫొటోగ్రాఫరు. పేరు రఘుపతి వెంకయ్య. ఇప్పుడా మూడు హాళ్లలో ఒక్కటీ లేదు. ఆయన డబ్బు పెట్టి కొడుకు చేత తీయించిన తొలి బొమ్మలో అడుగు ఫిల్మయినా మిగల్లేదు. మిగిలిందల్లా ఒక పురస్కారానికి పెట్టిన పేరు.

1980 నుంచి ఆ పేరున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెలుగు సినిమా పెద్దలను సత్కరిస్తూ వచ్చింది. తొలి పురస్కారం ఎల్.వి.ప్రసాద్‌ది. ఆ తర్వాత ఎందరో మహామహులు దాన్ని అందుకున్నారు. ‘తెలుగు సినిమా పితామహుడు’ అని వేదికల మీద ఒక్క మాట చదివి ముందుకు సాగిపోతాం. ఆ పితామహుడు ఏం కట్టాడు, ఎలా పోగొట్టుకున్నాడు, చివరి రోజులు ఎలా గడిపాడు అన్నది చప్పట్ల మధ్య ఎవరికీ పట్టదు. అందుకే ఆ కథ ఇంకోసారి చెప్పుకోవాలి.

గాజు పలకల రోజులు

వెంకయ్య 1869 అక్టోబరు 15న మచిలీపట్నంలో పుట్టారు. బొమ్మలు గీయడం, విగ్రహాలు మలచడం చిన్ననాటి నుంచీ ఆయన చేతికి అబ్బిన విద్య. ఆ విద్యను నమ్ముకునే 1886 ప్రాంతంలో మద్రాసు చేరి ఫొటో స్టూడియో పెట్టుకున్నారు. అప్పటికి మద్రాసు మనకు పరాయి ఊరు కాదు. బందరు, బెజవాడ, రాజమండ్రి, నెల్లూరు అన్నీ ఆ రాజధాని కిందివే. చదువుకైనా, కోర్టుకైనా, కొలువుకైనా తెలుగువాడు వెళ్లాల్సింది అక్కడికే.

ఆనాటి ఫొటోగ్రఫీ అంటే గాజు పలకల పని. వెలుతురు సరిగ్గా పడే వేళ చూసుకోవాలి. కూర్చున్నవాళ్లు కదలకుండా, రెప్ప వాల్చకుండా ఊపిరి బిగబట్టాలి. తర్వాత చీకటి గదిలో మందునీళ్లలో ఆ పలకను కడగాలి. మొహం మీద మచ్చ పడితే సన్నటి పెన్సిలుతో ఆ గాజు మీదే సరిదిద్దాలి. ఇరవై ఏళ్లకు పైగా ఆ పనిలో మునిగిన మనిషికి వెలుగూ నీడా ఎలా ప్రవర్తిస్తాయో వేళ్ల చివర తెలిసిపోతుంది. బొమ్మ కదిలితే ఎలా ఉంటుందన్న ఊహ అలాంటివాడిని నిద్రపోనివ్వదు.

కదిలే బొమ్మలు మద్రాసుకు 1896 డిసెంబరులోనే వచ్చాయి. సెంట్రల్ స్టేషన్‌కు దగ్గర్లోని విక్టోరియా పబ్లిక్ హాలులో దొరలు ప్రదర్శన ఇచ్చారు. నగరం వింతగా చూసింది, మరిచిపోయింది. మరిచిపోని కొద్దిమందిలో వెంకయ్య ఒకరు.

రెండు వేల సవర్ల యంత్రం

ఫ్రాన్సులోని గోమాంట్ కంపెనీ ‘క్రోనోమెగాఫోన్’ అనే యంత్రాన్ని తయారు చేసింది. తెర మీద మనిషి పాడుతుంటే ఆ పాట అదే సమయానికి హాలంతా వినిపించడం దాని గొప్ప. 1909లో ఆ యంత్రం సంగతి వెంకయ్య చెవిన పడింది. మద్రాసులోని జాన్ డికిన్సన్ కంపెనీ ద్వారా తెప్పించుకోవచ్చు. ధర 30,000 రూపాయలు. ఆ రోజుల్లో సవరు 15 రూపాయలు. అంటే రెండు వేల సవర్లు పోస్తే గాని రాని యంత్రం. వెంకయ్య తన స్టూడియోను తాకట్టు పెట్టారు. యంత్రం వచ్చింది.

దాని పనితనం కాస్త వివరంగా చెప్పుకోవాలి. మన దేశంలో టాకీ అన్న మాట పుట్టడానికి రెండు దశాబ్దాల ముందే వెంకయ్య ఏ సాహసం చేశారో అప్పుడే తెలుస్తుంది. జనం వెనక ప్రొజెక్టరు, జనం ముందు తెర దగ్గర గ్రామఫోను. ఈ రెండింటినీ కరెంటు తీగ కలుపుతుంది. ప్రొజెక్టరు ఎంత వేగంతో తిరిగితే గ్రామఫోను పళ్లెం అంత వేగంతో తిరగాలి. ఒకటి వెనకబడితే సరిచేయడానికి ఆపరేటరు చేతికింద ముల్లుతో ఒక గుండ్రటి పళ్లెం. అప్పటికింకా యాంప్లిఫయర్లు లేవు కాబట్టి బాకాలోకి గట్టిగా గాలి కొట్టి, ఆ గాలి ఒత్తిడితో గొంతును పెద్దది చేసేవారు. రికార్డు నిడివి మూడు నాలుగు నిమిషాలు, బొమ్మ నిడివీ అంతే. రికార్డు మీద ముల్లు ఒక్క గీత దాటిందంటే పెదవులు ఒకచోట, పాట ఒకచోట. ఆడే ప్రతి బొమ్మకూ ఆపరేటరు గుండె గొంతులో ఉంటుంది.

1910లో వెంకయ్య ఈ యంత్రంతో విక్టోరియా పబ్లిక్ హాలులో ఆట వేశారు. పద్నాలుగేళ్ల కిందట దొరలు చూపిన చోటే, అంతకన్నా గొప్ప వింతను ఒక బందరు మనిషి చూపించారు. తర్వాత హైకోర్టు దగ్గర ఎస్ప్లనేడు మైదానంలో డేరా వేశారు. జనం విరగబడి వచ్చారు.

డేరా ఎత్తుకుని ఊళ్లు పట్టారు. బెంగుళూరు వెళ్లారు, బెజవాడ వచ్చారు, సముద్రం దాటి సింహళం వెళ్లారు, రంగూను, పెగూ చూశారు. రంగూను అంటే ఆ రోజుల్లో సగం మన ఊరే. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి కూలికీ వ్యాపారానికీ ఓడలెక్కి పోయిన తెలుగువాళ్లు అక్కడ వీధులకు వీధులు నిండి ఉండేవాళ్లు. ప్రొజెక్టరు, గ్రామఫోను, కరెంటు పుట్టించే యంత్రం, డేరా గుడ్డ, గుంజలు, రీళ్ల పెట్టెలు, ఇవన్నీ రైలెక్కించి, ఓడెక్కించి, వానలో తడవకుండా, ఎండకు ఫిల్ము పాడవకుండా ఊరూరా తిప్పడం మాటలు కాదు. ఆ తిరుగుడులో ఆయన సంపాదించింది డబ్బొక్కటే కాదు. ఏ ఊళ్లో ఏ జనానికి ఏది నచ్చుతుందో తెలుసుకున్నారు. తెర ముందు అన్ని కులాలవాళ్లూ, అన్ని భాషలవాళ్లూ ఒకే చీకట్లో కూర్చోవడం కళ్లారా చూశారు.

మూడు హాళ్ల వైభవం

అప్పటికి మద్రాసులో శాశ్వతమైన సినిమా హాళ్లు దొరల చేతుల్లోనే ఉన్నాయి. 1913లో మౌంటు రోడ్డు మీద వార్విక్ మేజర్ కట్టిన ఎలక్ట్రిక్ థియేటర్ అలాంటిదే. 1914లో వెంకయ్య మౌంటు రోడ్డుకు చేరువలోని బ్లాకర్స్ రోడ్డులో గెయిటీ కట్టించారు. మద్రాసులో ఒక భారతీయుడు కట్టిన మొట్టమొదటి సినిమా హాలు అదే.

అది కలిసొచ్చే కాలమని ఎవరూ అనుకోలేదు. ఆ ఏడే ఐరోపాలో యుద్ధం మొదలైంది. సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ ఓడ ఎండెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించింది. చమురు ట్యాంకులు తగలబడ్డాయి. జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లకు పరుగులు తీశారు. అలాంటి రోజుల్లో సినిమా హాలు నడపడమంటే గుండె దిటవు కావాలి. వెంకయ్య నడిపారు. నడపడంతో ఆగకుండా మింటు వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ కట్టారు.

యుద్ధం వల్ల ఫ్రాన్సు, ఇంగ్లండు బొమ్మలు తగ్గిపోయాయి. ఆ ఖాళీలోకి అమెరికా బొమ్మలు వచ్చిపడ్డాయి. ముఖ్యంగా సీరియళ్లు. హీరో కొండ అంచున వేలాడుతుండగా ఆట ఆపేస్తారు. మిగతాది వచ్చే వారం. ఎడ్డీ పోలో లాంటి వీరుల పేర్లు మద్రాసు పిల్లల నోళ్లలో నానేవి. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడితే, చదవగలిగినవాడు పక్కవాళ్లకు తెలుగులోనో అరవంలోనో గట్టిగా చెప్పేవాడు. తెర పక్కన వాద్యాలు మోగేవి. ముందు నేల, వెనక బల్లలు, ఆ వెనక కుర్చీలు. నేల టికెట్టువాడి ఈలకు కుర్చీలో దొర ఉలిక్కిపడేవాడు. తెలుగు సినిమా ఇంకా పుట్టలేదు గాని, సినిమా చూసే తెలుగు ప్రేక్షకుడు ఆ చీకట్లోనే పుట్టాడు. వాడికి నీడనిచ్చినవాడు వెంకయ్య.

గెయిటీ చూసినవాళ్లకు, డేరాల్లో బొమ్మలు చూసినవాళ్లకు ఆ ఉత్సాహం అంటుకుంది. 1921లో బెజవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతీ టాకీసు కట్టారు. ఆంధ్రదేశంలో తొలి శాశ్వత సినిమా హాలు అది.

అద్దాల మేడ

వెంకయ్య అక్కడితో ఆగి ఉంటే మూడు హాళ్ల యజమానిగా, మద్రాసు పెద్దమనుషుల్లో ఒకరుగా హాయిగా వెళ్లిపోయేవారు. కాని ఆయన మనసును ఒక ప్రశ్న తొలిచింది. ఎంతకాలం పరాయివాళ్ల బొమ్మలు చూపిస్తాం? మన కథలు మనం తీయలేమా?

అప్పటికి దక్షిణాదిలో ఆ ప్రయత్నం చేసినవారు ఆర్.నటరాజ మొదలియార్. 1910ల చివర్లో మద్రాసులోనే ‘కీచక వధం’ తీశారు. వెంకయ్య తన కొడుకు సూర్యప్రకాశ్‌ను ఆ విద్య నేర్చుకు రమ్మని లండన్ పంపారు. అక్కడ బార్కర్ కంపెనీలో ప్రకాశ్ చిత్రీకరణ నేర్చుకున్నారు. ఐరోపా, అమెరికా స్టూడియోలు చూసి వచ్చారు. తండ్రీకొడుకులు ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ అని కంపెనీ పెట్టారు. పురసవాక్కంలో స్టూడియో కట్టారు. దానికి గ్లాస్ స్టూడియో అని పేరు.

ఆ అద్దాలు సోకు కోసం పెట్టినవి కావు. అప్పటి ఫిల్ముకు వెలుగు ఎంత పోసినా చాలదు. లైట్ల మీద ఆధారపడే వసతి లేదు. సూర్యుడే లైటు. కప్పుకు, గోడలకు అద్దాలుంటే ఎండ లోపలికి వస్తుంది. ఎండ మరీ కరుకుగా ఉంటే పల్చటి గుడ్డలు అడ్డం కట్టి మెత్తబరుస్తారు. కెమెరాకు మోటారు లేదు. పక్కనున్న పిడిని కెమెరామన్ సెకనుకు రెండు చుట్లు, తడబడకుండా తిప్పాలి. చెయ్యి నెమ్మదిస్తే తెర మీద మనుషులు పరుగులు తీస్తారు, చెయ్యి తొందరపడితే తెర మీద నత్తనడక నడుస్తారు. మద్రాసు ఎండాకాలంలో ఆ అద్దాల కింద కిరీటాలు, భుజకీర్తులు, పట్టుబట్టలతో నిలబడ్డ నటుల అవస్థ మాటల్లో చెప్పేది కాదు. మబ్బు పడితే పని ఆగిపోతుంది. పని ఆగినా కూలీ ఆగదు.

అక్కడే 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తయారైంది. తెలుగువారు తీసిన తొలి మూకీ చిత్రంగా అది చరిత్రకెక్కింది. భీష్ముడు ప్రకాశే. గంగ వేషానికి మన ఆడవాళ్లు ముందుకు రాలేదు. పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ యువతి వేసింది. తండ్రి సుఖం కోసం రాజ్యాన్నీ సంసారాన్నీ వదులుకున్న కొడుకు కథను, తండ్రి కల కోసం సముద్రాలు దాటి వచ్చిన కొడుకు తీశాడు. ఆ తర్వాత ‘మత్స్యావతారం’, ‘గజేంద్ర మోక్షం’, ‘నందనార్’ వంటి మూకీలు వచ్చాయి. ప్రకాశ్ దగ్గర పని నేర్చుకున్నవారిలో సి.పుల్లయ్య ఒకరు. 1934లో తెలుగునాడు బళ్లు కట్టుకుని వెళ్లి చూసిన ‘లవకుశ’ ఆయనదే. ఆ వేరు పురసవాక్కం అద్దాల మేడలో ఉంది.

ఒక్కొక్కటే జారిపోయాయి

సినిమా తీయడం వేరు, చూపించడం వేరు. చూపించేవాడికి ఏ పూట డబ్బు ఆ పూట చేతిలో పడుతుంది. తీసేవాడు ముందే ఇల్లూ వాకిలీ పెట్టుబడిగా పోయాలి. తీసిన బొమ్మ ఆడాలి. ఆడిన డబ్బు తిరిగి రావాలి. అందాకా వడ్డీ ఆగదు. ముడి ఫిల్ము విదేశం నుంచి రావాలి, కెమెరా విదేశం నుంచి రావాలి, రసాయనాలూ అంతే. బ్యాంకులు సినిమా మనిషిని గడప తొక్కనివ్వని రోజులవి.

పోటీ చూస్తే అటువైపు అమెరికా. వాళ్ల బొమ్మలు తమ దేశంలోనే పెట్టుబడి రాబట్టుకుని ఇక్కడికి చవగ్గా వచ్చేవి. పైసా అదనంగా వచ్చినా లాభమే. ఇక్కడివాడు తన బొమ్మ ఖర్చంతా ఇక్కడి నేల టికెట్లలోంచే రాబట్టుకోవాలి. 1927లో ప్రభుత్వం మద్రాసు న్యాయవాది టి.రంగాచారియార్ అధ్యక్షతన సినిమా పరిస్థితి మీద ఒక సంఘం వేసింది. మన దేశంలో ఆడే బొమ్మల్లో అత్యధికం అమెరికావేనని ఆ సంఘం తేల్చింది. స్వదేశీ నిర్మాతకు చేయూతనివ్వాలని, అప్పులు ఇవ్వాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసులు కాగితాల మీదే ఉండిపోయాయి. ఆ చెయ్యి అందాల్సిన మొదటి మనుషుల్లో వెంకయ్య ఉన్నారు. అందలేదు.

స్టార్ ఆఫ్ ది ఈస్ట్ నిలదొక్కుకోలేకపోయింది. అప్పులు పెరిగాయి. హాళ్లు సంపాదించినదంతా స్టూడియో మింగింది. చివరికి హాళ్లే అప్పులకు బలయ్యాయి. గెయిటీ, క్రౌన్, గ్లోబ్ ఒక్కొక్కటే వెంకయ్య చేజారాయి. గ్లోబ్ పేరు కూడా నిలవలేదు, రాక్సీగా మారింది. హాళ్లు ఆడుతూనే ఉన్నాయి, జనం వస్తూనే ఉన్నారు, ఈలలు మోగుతూనే ఉన్నాయి. యజమాని మాత్రం మారిపోయాడు. కట్టినవాడి కళ్ల ముందే అతను కట్టినది మరొకరిదై కళకళలాడడం కంటే పెద్ద శిక్ష ఉండదు.

గొంతు వచ్చింది, ఆయన లేరు

విధి మరో దెబ్బ దాచి ఉంచింది. 1931 అక్టోబరు 31న ‘కాళిదాస్’ విడుదలైంది. అరవం, తెలుగు కలిసి తెర మీద పలికాయి. 1932 ఫిబ్రవరి 6న ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. తెర మీద పిల్లవాడు తెలుగులో మాట్లాడుతుంటే జనం ఒళ్లు మరిచిపోయారు. రెండింటికీ దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి. రెండూ బొంబాయిలో తయారయ్యాయి. 1934లో మద్రాసులోనే వేల్ పిక్చర్స్ వారు ‘సీతా కళ్యాణం’ తీశారు. అదే ఏడు శ్రీనివాసా సినీటోన్ వెలిసింది. 1936లో రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్ నెలకొల్పారు. ఎక్కడ చూసినా టాకీ, టాకీ.

బొమ్మకు గొంతు తేవాలని స్టూడియో తాకట్టు పెట్టిన మనిషి అప్పటికి అరవై దాటి ఉన్నారు. ఆయన 1910లో చూపిన కలే ఇరవై ఏళ్ల తర్వాత నిజమై ఊళ్లన్నీ ఏలుతోంది. ఆ ఏలుబడిలో ఆయనకు ఒక్క హాలు లేదు, ఒక్క స్టూడియో లేదు. ముందు విత్తు నాటినవాడు ఎండలో నిలబడ్డాడు, చెట్టు నీడ మాత్రం అందరికీ దక్కింది.

కొడుకు మాత్రం సినిమాను వదల్లేదు. కంపెనీలు మారుతూ, ఇతరుల పెట్టుబడితో, ఇతరుల స్టూడియోల్లో పని చేశారు. 1940లో ఆర్.ప్రకాశ్ పేరుతో రెండు తెలుగు టాకీలు వచ్చాయి. ఒకటి కన్నాంబ, బళ్లారి రాఘవ నటించిన ‘చండిక’. రెండోది మొక్కపాటివారి నవల ఆధారంగా ‘బారిష్టరు పార్వతీశం’. జి.వరలక్ష్మి తెరకెక్కింది ఆ బొమ్మతోనే. లండన్ వెళ్లి వచ్చిన కుర్రవాడి కథను, లండన్ వెళ్లి వచ్చిన ప్రకాశే తీశారు. వెంకయ్య కాలం చేయడానికి ముందు ఏడు అది.

1941 మార్చి 15న రఘుపతి వెంకయ్య కన్నుమూశారు. ఆర్థికంగా చితికిపోయి, పరిశ్రమ పట్టించుకోని స్థితిలో పోయారు. అప్పటికి మద్రాసు దక్షిణాది సినిమాకు రాజధాని. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ చిత్రాలన్నీ తర్వాతి దశాబ్దాల్లో ఆ ఊరి నుంచే రావాలి. ఆ రాజధానికి పునాది రాయి వేసిన చేతులు ఖాళీగా వెళ్లాయి.

ఆ చోట్లు ఇప్పుడు

సినిమా తీసిన చోట్లు చూడటానికి జనం ఇప్పుడు దూరాలు వెళ్తున్నారు. గోదావరి ఒడ్డున ఏ రేవులో ఏ పాట తీశారో అడిగి మరీ ఫొటోలు దిగుతున్నారు. మంచిదే. అదే శ్రద్ధతో చెన్నైలో ఒక్క పూట నడిస్తే తెలుగు సినిమా పుట్టిన చోట్లన్నీ తిరిగి రావచ్చు. కాని అక్కడ ఎదురయ్యేది చాలావరకు శూన్యమే.

విక్టోరియా పబ్లిక్ హాలు ఉంది. ఎర్రటి ఇటుక గోడలతో రిప్పన్ భవనం పక్కనే నిలిచి ఉంది. క్రోనోమెగాఫోన్ పాడింది ఆ కప్పు కిందే. అక్కడి నుంచి అన్నా సాలై (నాటి మౌంటు రోడ్డు) పోస్టాఫీసు ఆవరణకు వస్తే వార్విక్ మేజర్ కట్టిన ఎలక్ట్రిక్ థియేటర్ కనిపిస్తుంది. 1915లోనే తపాలా శాఖ దాన్ని కొనేసింది కాబట్టి బతికిపోయింది. ఇప్పుడు అందులో తపాలా బిళ్లలు అమ్ముతారు. కొద్దికాలమే ఆడిన దొర హాలు నిలిచి ఉంది. దశాబ్దాల పాటు లక్షల మందిని అలరించిన వెంకయ్య హాలు లేదు. గెయిటీ ఈ శతాబ్దంలోకి వచ్చాక మూతబడింది, తర్వాత పడగొట్టారు. బ్లాకర్స్ రోడ్డులో వ్యాపార భవనాలు కనబడతాయి తప్ప, ఇక్కడొక చరిత్ర జరిగిందని చెప్పే గుర్తు దొరకదు. మింటు వీధిలో క్రౌన్ లేదు. పురసవాక్కంలో రాక్సీ లేదు. అద్దాల మేడ ఆనవాలూ లేదు. పండగ రోజుల్లో బట్టల కోసం ఆ వీధుల్లో కిక్కిరిసే జనంలో తెలుగువాళ్లు ఎందరో. తాము ఏ నేల మీద నిలబడ్డామో వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

బొమ్మలూ అంతే. ఆనాటి ఫిల్ము నైట్రేటు. నిప్పురవ్వ తగిలితే నీళ్లు పోసినా ఆరదు. నిప్పు తగలకపోయినా తేమకు, వేడికి ముందు జిగురెక్కి, తర్వాత పొడుంగా రాలిపోతుంది. అరిగిపోయేదాకా ఊరూరా ఆడించిన కాపీలను చివర్లో వెండి కోసం కరిగించేవాళ్లు. మద్రాసులో తీసిన మూకీలు ఇలా ఊడ్చుకుపోయాయి. మొత్తం దక్షిణాది మూకీల్లో పూర్తిగా దక్కింది 1933 నాటి మలయాళ ‘మార్తాండ వర్మ’ ఒక్కటే. అది దక్కడానికీ కారణం ఒక తగువు. నవల హక్కుల మీద కేసు పడి, బొమ్మ ప్రదర్శన ఆగి, కాపీ ప్రచురణకర్తల దగ్గర ఉండిపోయింది. నలభై ఏళ్ల తర్వాత అక్కడి నుంచి పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు చేరింది. ‘భీష్మ ప్రతిజ్ఞ’ మీద కేసు వేసినవాళ్లెవరూ లేరు. అందుకే అది మనకు దక్కలేదు. జాతీయ ఆర్కైవ్ పుట్టిందే 1964లో. అప్పటికే మన మూకీల కాలం దాటి మూడు దశాబ్దాలు.

మనం చేయగలిగినది

పాత సినిమా మీద మనవాళ్లకు ప్రేమ చచ్చిపోలేదు. 2010లో రంగులద్దిన ‘మాయాబజార్’ విడుదలైతే తాతలు మనవలను వెంటబెట్టుకుని వెళ్లారు. హీరోల పుట్టినరోజులకు పాత బొమ్మలు మళ్లీ వేస్తే తెల్లవారుజామున హాళ్లు నిండుతున్నాయి. కాగితాలు ఎగురుతున్నాయి, హారతులు పడుతున్నాయి. ఆ ప్రేమ తెర మీది మొహం దాకా వెళ్లి ఆగిపోతోంది. తెర కట్టినవాడి దాకా వెళ్లడం లేదు. వెంకయ్యను చావుకు ముందు అప్పులు ముంచాయి, చావు తర్వాత మన ఉపేక్ష ముంచింది. మొదటిదానికి కాలం కారణం, రెండోదానికి మనమే బాధ్యులం.

ఈ ఉపేక్ష ఇంకా సాగుతోంది. ఆంధ్రలో, తెలంగాణలో పట్టణానికి ఒకటో రెండో మిగిలిన పాత హాళ్లు ఏటికేడాది కల్యాణ మండపాలుగా, గోదాములుగా, అపార్టుమెంట్లుగా మారుతున్నాయి. గెయిటీకి జరిగిందే వాటికీ జరుగుతోంది. యజమానులను తప్పుపట్టలేం. నష్టానికి హాలు నడపమని ఎవరినీ అడగలేం. వెంకయ్య కథ నేర్పేది అదే. ఒక్కడి గుండె ధైర్యం మీద ఒక కళను నిలబెట్టాలనుకుంటే ఆ ఒక్కడు కూలిపోతాడు. ఆ భారాన్ని ప్రభుత్వాలు, పరిశ్రమ, ఊరు కలిసి మోయాలి.

చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. తెలుగు సినిమా సంఘాలు తమిళనాడు ప్రభుత్వంతో మాట్లాడి గెయిటీ, క్రౌన్, గ్లోబ్ ఉన్న చోట్ల తెలుగులో, తమిళంలో ఒక్కో శిలాఫలకం పెట్టించవచ్చు. నిలిచి ఉన్న పాత హాళ్లలో కనీసం ఒక్కోదాన్ని ప్రతి జిల్లాలో ఎంచుకుని, పన్నులు తగ్గించి, నెలకో పాత సినిమా వేసేలా చూడవచ్చు. ‘మల్లీశ్వరి’, ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’ అసలు తెర మీద ఎలా ఉంటాయో సెల్‌ఫోనులో చూసి పెరిగిన పిల్లలకు చూపించవచ్చు. ఏటా అక్టోబరు 15న ఆ హాళ్లన్నింటిలో వెంకయ్య కథ చెప్పి ఆట మొదలుపెట్టవచ్చు.

చదువరులకు ఒక్క విన్నపం. మీ తాతముత్తాతల పెట్టెల్లో పాత సినిమా కరపత్రాలు, పాటల పుస్తకాలు, టికెట్టు ముక్కలు, గాజు నెగిటివులు, తుప్పు పట్టిన రేకు డబ్బాల్లో ఫిల్ము చుట్టలు ఉండవచ్చు. బందరులో, కాకినాడలో, మద్రాసు పాత తెలుగు ఇళ్లలో వెతకండి. పాత సామాన్లవాడికి వేయకండి. ఫిల్ము డబ్బా దొరికితే వేడికి, మంటకు దూరంగా ఉంచి పుణె ఆర్కైవ్‌కు తెలియజేయండి. కాగితాలైతే దగ్గర్లోని గ్రంథాలయానికో విశ్వవిద్యాలయానికో ఇవ్వండి. వెంకయ్యకు మనం బాకీ ఉన్నాం. పురస్కారానికి ఆయన పేరు పెట్టినంత మాత్రాన ఆ బాకీ తీరదు.